సోషియాలజీ విద్యార్థికి ఒక సెమిస్టర్ ఫీల్డ్‌లో ఇవ్వండి

తెలంగాణ ఉన్నత విద్యామండలి పెద్దలకు, హైదరాబాద్‌లోని విశ్వవిద్యాలయాల సోషియాలజీ శాఖాధిపతులకు, సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,

నమస్కారం.

నేను నగరంలోని ఒక డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లుగా సోషియాలజీ చెబుతున్నాను. నేరం, శిక్ష, సంస్కరణ గురించిన పేపరు ఎప్పుడూ నా వంతుకే వస్తుంది. ఆ పేపరు చదివే పిల్లల తరఫున ఒక్క విషయం అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. సోషియాలజీ, క్రిమినాలజీ చదివే ప్రతి విద్యార్థికీ ఒక పూర్తి సెమిస్టర్ ఫీల్డ్‌వర్క్ పెట్టండి. కోర్టు, జైలు, బాలల హోం, ప్రొబేషన్ ఆఫీసు (జైలుకు పంపకుండా వదిలిన వాళ్లను పర్యవేక్షించేది), పేదలకు న్యాయసహాయం అందించే న్యాయసేవాధికార సంస్థ, వీటిలో ఏదో ఒకచోట పని తెలిసిన మనిషి వెంట ఉండి నేర్చుకునేలా పెట్టండి. దానికి క్రెడిట్లు ఇవ్వండి. మార్కులు వేయండి. పని చేయని వాళ్లను ఫెయిల్ చేయండి.

ఇంటర్న్‌షిప్ ఇప్పటికే ఉంది కదా అని మీరు అనవచ్చు. ఉంది. యూజీసీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డిగ్రీ విద్యార్థి 60 నుంచి 120 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. మంచి ఆలోచనే. కానీ కాలేజీల్లో జరుగుతున్నది వేరు. పిల్లల చేతికి ప్రిన్సిపాల్ సంతకంతో ఒక లెటర్ ఇస్తాం, ఎక్కడో ఒకచోట చేసి సర్టిఫికెట్ పట్టుకు రమ్మంటాం. ఆ లెటర్ పట్టుకుని వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. పైనుంచి ఆర్డర్ ఉంటే రండి అంటారు ఒకచోట. సార్ లీవులో ఉన్నారు అంటారు ఇంకోచోట. ఆఖరికి ఎవరికో తెలిసిన ఎన్జీవో దగ్గరకు వెళ్లి, రెండు ఫొటోలు దిగి, సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. సీనియర్ల ప్రాజెక్టు రిపోర్టులో పేరు మార్చి బైండింగ్ చేయించుకొచ్చిన వాళ్లూ నాకు తెలుసు. పిల్లల్ని తప్పుపట్టలేను. వాళ్లు వెళ్లడానికి ఒక చోటు, నేర్పడానికి ఒక మనిషి మనం చూపించలేదు.

బీఈడీ చేసేవాళ్లకు టీచింగ్ ప్రాక్టీస్ ఉంది. ఎంబీబీఎస్ వాళ్లకు ఏడాది హౌస్ సర్జన్సీ ఉంది. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) పిల్లలు చదువుకుంటూనే వారంలో కొన్ని రోజులు ఫీల్డ్‌లో ఉంటారు. మరి నేరం గురించి, పేదరికం గురించి, శిక్ష గురించి మూడేళ్లో అయిదేళ్లో చదివిన సోషియాలజీ విద్యార్థి ఒక్క రిమాండ్ ఖైదీ కుటుంబంతో కూడా మాట్లాడకుండా పట్టా పుచ్చుకుంటున్నాడు. సమాజంలో కట్టుబాట్లు సడలిపోయే స్థితిని సోషియాలజిస్టు డ్యూర్కైమ్ అనోమీ అన్నాడు, దాని గురించి నాలుగు పేజీలు రాయగలడు. నాంపల్లి క్రిమినల్ కోర్టులో వాయిదా అంటే ఏమిటో, బెయిల్‌కు ష్యూరిటీ (జామీను) ఎవరివ్వాలో తెలియదు.

ఇది చదువుల నాణ్యతకే పరిమితమైన సంగతి కాదు. ఈ పని తెలిసిన మనుషులు కావాలని చట్టమే అడుగుతోంది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం చూడండి. 21 ఏళ్లలోపు వయసున్న వ్యక్తి చేసిన నేరం యావజ్జీవ శిక్ష పడేంతటిది కాకపోతే, అతన్ని జైలుకు పంపకుండా వదిలే అవకాశం ఉందేమో కోర్టు ముందు చూడాలి. అందుకు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, నేరం ఆరోపణ ఉన్న పిల్లవాడిని జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు మొదటిసారి హాజరుపరిచిన 15 రోజుల్లోగా సామాజిక దర్యాప్తు నివేదిక అందాలి. ప్రొబేషన్ అధికారి అందుబాటులో లేకపోతే బాలల సంక్షేమ అధికారి గానీ సామాజిక కార్యకర్త గానీ దాన్ని రాయవచ్చు. ఆ బోర్డులో మెజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. వాళ్ల అర్హతల్లో సోషియాలజీ డిగ్రీ పేరు పెట్టి మరీ రాశారు. పార్లమెంటు మన సబ్జెక్టును గుర్తించి పిలిచింది. ఆ పిలుపు అందుకునేలా మన విద్యార్థుల్ని తయారు చేయడం లేదు.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాలు ఈ అవసరాన్ని ఇంకా పెంచాయి. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సమాజ సేవ మొదటిసారి ఒక శిక్షగా చేరింది. అయిదు వేల రూపాయల లోపు సొత్తు తొలిసారి దొంగిలించి, దాన్ని తిరిగిచ్చేసిన వ్యక్తికి జైలు బదులు సమాజ సేవ విధిస్తారు. మరి ఆ సేవ ఎక్కడ చేయాలి? ఏ పని అతనికి తగింది? రోజు కూలి పోకుండా ఏ వేళల్లో చేయించాలి? అది అవమానంగా మారకుండా ఎవరు చూసుకోవాలి? ఇవన్నీ సోషియాలజీ చదివి, మనుషుల మధ్య పనిచేయడం నేర్చినవాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు.

పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ సంగతీ అంతే. మొదటిసారి కేసులో ఇరుక్కున్న రిమాండ్ ఖైదీ, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేసి ఉంటే అతన్ని విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నా వర్తించదు. గడువు దాటిన వాళ్ల గురించి జైలు సూపరింటెండెంట్ కోర్టుకు రాయాలి. అలా రాయాలంటే ఎవరో ఒకరు ప్రతి ఫైలూ తెరిచి, సెక్షన్లు చూసి, అరెస్టయిన తేదీ నుంచి లెక్క కట్టాలి. ఇంకో కేసు ఉందో లేదో కనుక్కోవాలి. దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంక సంస్థ 2022 లెక్క. ఆ సంఖ్యను మన పిల్లలు పరీక్షలో రాస్తారు. అదే పిల్లలు ఒక పారాలీగల్ వలంటీర్ (న్యాయసహాయంలో తోడ్పడే కార్యకర్త) పక్కన కూర్చుని ఫైళ్లు చూస్తే ఆ సంఖ్యలో కొందరైనా ఇంటికి వెళ్తారు.

ఫీల్డ్‌లో ఒక మనిషి వెంట ఉండి నేర్చుకోవడం అంటే ఏమిటో నేను దగ్గరుండి చూసినదొకటి చెబుతాను. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. నా విద్యార్థిని ఒకమ్మాయి సొంత ఇష్టంతో, బాలల కేసుల్లో పనిచేసే ఒక అనుభవజ్ఞురాలైన సామాజిక కార్యకర్త వెంట వెళ్లేది. ఒక పిల్లవాడి దర్యాప్తు నివేదిక కోసం ఇద్దరూ వాళ్లింటికి వెళ్లారు, నేనూ వెళ్లాను. అది రేకుల షెడ్డు. తల్లి అప్పుడే పనిమీది నుంచి వచ్చింది. నివేదిక ఫారంలో బడి ఎందుకు మానేశాడన్న ప్రశ్న ఉంటుంది. దాని కింద కారణాలు ఉంటాయి: ఫెయిలవడం, చదువు మీద ఆసక్తి లేకపోవడం, ఇంటి కోసం సంపాదించాల్సి రావడం, బడిలో అవమానం, ఇలా.

"బడెందుకు మానేసిండమ్మా?" అని అడిగింది మా అమ్మాయి.

"వానికి ఇష్టం లేకుండె బిడ్డా. పోనంటే పోనన్నడు."

అమ్మాయి ఆసక్తి లేకపోవడం దగ్గర టిక్కు పెట్టబోయింది. కార్యకర్త ఆమె చేతిని ఆపి, తల్లి పక్కన గడపలో కూర్చుని, "ఇక్కడికి రాకముందు యాడుండేటోళ్లు అక్కా?" అంది. అప్పుడు బయటికొచ్చింది అసలు కథ. నారాయణపేట దగ్గరి పల్లె నుంచి వచ్చారు. ఒక అపార్ట్‌మెంట్ కడుతుంటే అక్కడ ఒక ఏడు, అది అయిపోయాక ఇంకో సైటు, ఆ తర్వాత ఇటుక బట్టీ, మళ్లీ సైటు. ఊరి బడి నుంచి టీసీ తెచ్చుకోలేదు. ఇక్కడ చేర్చుకున్నప్పుడు వయసు పెద్దదని, చదువు చూస్తే చిన్న తరగతిదని, తన కంటే బాగా చిన్న పిల్లల మధ్య కూర్చోబెట్టారు. పక్కపిల్లలు నవ్వారు. వాడు పోనన్నాడు.

టిక్కు పెట్టే చోటు మారింది. దాంతో నివేదిక చివర్లో రాసే సిఫారసూ మారింది. చెడు సావాసాలు పట్టి తిరుగుతున్న పిల్లవాడని రాస్తే బోర్డు ఒకలా చూస్తుంది. వలస వల్ల బడికి దూరమైన పిల్లవాడు, వయసుకు తగ్గ తరగతిలో చేర్చే బ్రిడ్జి కోర్సు కావాలని రాస్తే ఇంకోలా చూస్తుంది. ఒక్క ప్రశ్న తేడా అది. ఆ ప్రశ్న అడగడం నేను క్లాసులో నేర్పలేను. వలస మీద, నగరీకరణ మీద, బాల నేరాల మీద మా అమ్మాయి అప్పటికే మూడు వేర్వేరు పేపర్లు చదివి పాసయింది. ఆ మూడూ ఒకే ఇంట్లో, ఒకే పిల్లవాడి మీద కలిసి కనిపించింది ఆ సాయంత్రమే.

క్రిమినాలజీ శాస్త్రం కూడా ఇలాగే పుట్టింది. షికాగోలో బాల నేరాల మీద పనిచేసిన క్లిఫర్డ్ షా ప్రొఫెసర్ల గదుల్లో కూర్చుని సిద్ధాంతం రాయలేదు. ముందు పెరోల్, ప్రొబేషన్ అధికారిగా పనిచేసి పిల్లల ఇళ్ల చుట్టూ తిరిగినవాడు. ఆయనా, హెన్రీ మెకే కలిసి బాలల కోర్టుకు వచ్చిన పిల్లల చిరునామాలను నగర పటం మీద గుర్తులు పెట్టుకుంటూ పోయారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పేటల్లో ఉండే జనం మారిపోయారు. ఒక దేశం నుంచి వచ్చినవాళ్లు బాగుపడి వెళ్లిపోతే, ఇంకో దేశం వాళ్లు వచ్చి చేరారు. నేరాల రేటు మాత్రం ఆ పేటల్లోనే ఎక్కువగా నిలిచింది. తప్పు ఫలానా జాతి రక్తంలో ఉందన్న వాదానికి అది గట్టి దెబ్బ. మన తెలుగువాళ్లకు ఈ పాఠం మరీ ముఖ్యం. 1871 నాటి నేరస్త జాతుల చట్టం పుట్టుకను బట్టే మనిషిని దొంగ అంది. స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటు పేరుతో కట్టడి చేశారు. చట్టం 1952లో రద్దయినా ఆ ఊరి పేరు చెబితే నొసలు చిట్లించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేరస్తుడని ముద్ర వేస్తే ఆ ముద్రే మనిషిని నేరం వైపు నెడుతుందనే లేబులింగ్ సిద్ధాంతానికి అమెరికా ఉదాహరణలు వెతుక్కునే అవసరం మనకేముంది?

ఫీల్డ్‌వర్క్ హైదరాబాద్ సోషియాలజీకి కొత్త కూడా కాదు. 1950ల మొదట్లో సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఉస్మానియా నుంచి శామీర్‌పేటకు వెళ్లారు. ఒంటరిగా వెళ్లలేదు. వ్యవసాయం, వైద్యం, పశువైద్యం చదివే విద్యార్థులనూ బృందంగా వెంట తీసుకెళ్లారు. ఊరికి సేవ చేస్తూనే ఊరిని చదివారు. స్వతంత్ర భారతంలో పల్లె గురించి వచ్చిన తొలి సమగ్ర అధ్యయనాల్లో ఒకటి అక్కడే తయారైంది. ఇప్పుడు అదే శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ ఉంది. ఆ సంప్రదాయం మనదని చెప్పుకుంటాం. దాన్ని పీజీ డిసర్టేషన్‌కో, పీహెచ్‌డీకో కుదించేసి డిగ్రీ పిల్లలకు అందకుండా చేశాం.

ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1990లో ప్రయాస్ అన్న ఫీల్డ్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. జైళ్లలో, పోలీస్ స్టేషన్లలో సామాజిక కార్యకర్తలను ఉంచి, ఖైదీల న్యాయసహాయం, విడుదలయ్యాక బతుకుతెరువు చూడటం దాని పని. విశ్వవిద్యాలయం జైలు గోడ లోపల అడుగుపెట్టి దశాబ్దాల తరబడి నిలబడగలదని అది రుజువు చేసింది. ఇంగ్లండ్‌లో క్రిమినాలజీ, సోషియాలజీ కలిపి చదివే చాలా కోర్సుల్లో రెండో ఏడాదికీ ఆఖరి ఏడాదికీ మధ్య పని అనుభవం కోసమే ఒక ఏడాది తీసుకునే వీలుంటుంది. డరమ్ యూనివర్సిటీ 2014 నుంచి జైల్లోనే క్లాసు నడుపుతోంది. విద్యార్థులు, ఖైదీలు వృత్తంగా కూర్చుని ఒకే పాఠం చదువుతారు. ఆ పద్ధతి 1997లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. మనకు ఇది మరీ కష్టమేమీ కాదు. మన జైళ్లలో ఖైదీలు ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీలు చదువుతున్నారు. చదువు ఇప్పటికే లోపలికి వెళ్లింది, విద్యార్థులు వెళ్లడమే మిగిలింది.

అసలు ఈ సబ్జెక్టు చదవడానికి దేశంలో హైదరాబాద్ కంటే అనువైన ఊరు ఎక్కువ ఉండదు. చంచల్‌గూడలో సెంట్రల్ జైలుంది, పక్కనే మహిళల జైలుంది, జైలు సిబ్బందికి శిక్షణ ఇచ్చే సంస్థ కూడా అక్కడే ఉంది. చర్లపల్లిలో సెంట్రల్ జైలుతో పాటు ఖైదీలు వ్యవసాయం చేసుకునే ఓపెన్ జైలుంది. సైదాబాద్‌లో బాలుర హోం. నాంపల్లిలో క్రిమినల్ కోర్టులు. శివరాంపల్లిలో నేషనల్ పోలీస్ అకాడమీ. రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్. హింసకు గురైన ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం భరోసా కేంద్రం. ఇవన్నీ సిటీ బస్సు వెళ్లే దూరంలోనే ఉన్నాయి. మహాలక్ష్మి పథకం వల్ల ఆడపిల్లలకు బస్సు ఖర్చు కూడా లేదు. (మగపిల్లలకు ఆ సెమిస్టర్‌కు బస్‌పాస్ ఇప్పించండి. చిన్న విషయమే కానీ, రోజూ ఛార్జీలు పెట్టుకోలేక మానేసేవాళ్లు ఉంటారు.)

క్రిమినాలజీ అనగానే వేలిముద్రలు, రక్తపు మరకలు అనుకుని వచ్చే పిల్లలు ఎక్కువ. ఆ ఆసక్తిని నేను తక్కువ చేయను. కానీ ఎవరు చేశారన్నది తేల్చే పని ల్యాబ్‌ది, పోలీసులది. ఫలానావాళ్లే ఎందుకు పట్టుబడుతున్నారు, బెయిల్ వచ్చినా ఎందుకు బయటికి రాలేకపోతున్నారు, బయటికొచ్చాక ఎందుకు మళ్లీ లోపలికి వెళ్తున్నారు అన్నవి మన ప్రశ్నలు. ఒక జైలు గేటు బయట ములాఖత్ కోసం నిలబడ్డ ఒకావిడతో నా విద్యార్థులు మాట్లాడారు. ఆమె భర్తకు బెయిల్ వచ్చింది. ష్యూరిటీ ఇచ్చేవాళ్లు లేక ఇంకా లోపలే ఉన్నాడు. అలాంటి పేద విచారణ ఖైదీలకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉందన్న సంగతి ఆమెకు తెలియదు. నా విద్యార్థులకూ అప్పటిదాకా తెలియదు. ఆ రోజు తర్వాత వాళ్లు క్లాసులో అడిగిన ప్రశ్నలు ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ లేవు.

తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. "ఆడపిల్లను జైలుకు పంపుతారా మేడమ్?" అని నన్ను నిలదీసిన తండ్రి ఉన్నాడు. ఆయన భయంలో న్యాయం ఉంది. అందుకే ఎవరికి వాళ్లు లెటర్లు పట్టుకుని తిరిగే పద్ధతి పోవాలంటున్నాను. విద్యామండలి జైళ్ల శాఖతో, మహిళా శిశు సంక్షేమ శాఖతో, రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థతో రాష్ట్ర స్థాయిలో ఒకే ఒప్పందం చేసుకోవాలి. ఏ కాలేజీ పిల్లలు, ఎందరు, ఏ రోజుల్లో, ఏ అధికారి కింద పనిచేస్తారో ముందే రాసి ఉండాలి. ఇద్దరిద్దరుగా వెళ్లాలి. పర్యవేక్షకులు లేని రోజు ఫీల్డ్‌కు వెళ్లకూడదు. ఆ భరోసా ఇస్తే ఆ తండ్రే కూతురిని బస్సెక్కిస్తాడు.

మన విద్యార్థుల కన్నా ముందు కాపాడాల్సింది వాళ్లు కలవబోయే మనుషుల్ని. బాలల కేసుల్లో పేరు, ఊరు, బడి, ఫొటో, ఏదీ బయటపెట్టకూడదని చట్టం. ప్రొబేషన్ నివేదిక కూడా గోప్యమే. చేతిలో ఫోన్ ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇది ఒక్కసారి చెబితే సరిపోదు. ఫీల్డ్‌కు పంపే ముందు కనీసం రెండు మూడు వారాలు దీనికే కేటాయించాలి. ఏమి అడగకూడదు, ఎప్పుడు ఊరుకోవాలి, ఏడుస్తున్న మనిషి ముందు పెన్ను ఎలా పక్కన పెట్టాలి అన్నవి నేర్పాలి. నేరం చేశావా అని ఎవరినీ అడగకూడదని కూడా నేర్పాలి. ఆ జవాబు మన పనికి అవసరం లేదు. అడిగితే ఆ మనిషి కేసుకే నష్టం.

విద్యార్థులను ఖాళీ పోస్టుల్లో ఉచిత కూలీలుగా వాడుకునే ప్రమాదమూ ఉంది. రిజిస్టర్లు ఎక్కించడానికి, టీలు తేవడానికి పంపడం ఫీల్డ్‌వర్క్ కాదు. ప్రొబేషన్ అధికారుల పోస్టులు భర్తీ చేయడం ప్రభుత్వం బాధ్యత, ఈ పిల్లలు దానికి బదులు కాదు. సోషియాలజీలో ఫీల్డ్‌వర్క్ చేసి పాసైన వాళ్లకు ఆ పోస్టుల నియామకాల్లో వెయిటేజీ ఇప్పించేలా మీరు ప్రభుత్వానికి రాయండి. అప్పుడు ఈ చదువుకు ఒక దారి కనపడుతుంది. దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) సీటు మిగిలిందని సోషియాలజీకి వచ్చే రోజులు పోయి, కావాలని వచ్చేవాళ్లు పెరుగుతారు.

మార్కుల సంగతి. సర్టిఫికెట్‌కు మార్కులు వద్దు. రోజువారీ ఫీల్డ్ డైరీకి ఇవ్వండి. ఆ డైరీని పర్యవేక్షకులు వారం వారం చదివి, పక్కన వాళ్ల చేతిరాతతో ప్రశ్నలు రాయాలి. ఆఖర్న విద్యార్థిని కూర్చోబెట్టి, ఆ డైరీ ముందు పెట్టుకుని వైవా చేయాలి. బైండింగ్ షాపులో దొరకని రాత అది ఒక్కటే. ఇందుకు కాలేజీ అధ్యాపకులకు బోధన గంటల్లో మినహాయింపు ఇవ్వాలి. వారానికి ఫుల్ వర్క్‌లోడ్ చెప్పి, సాయంత్రాలు హోంల చుట్టూ తిరగమంటే ఎంతటి శ్రద్ధ ఉన్నవాళ్లయినా రెండో ఏడాదికి అలసిపోతారు. ఇక్కడ ఖర్చు ఉంది, కాదనను. ఆ ఖర్చు అధ్యాపకుల గంటలకు, బస్‌పాస్‌లకు, శిక్షణకు. కొత్త భవనాలు, యంత్రాలు అక్కర్లేదు.

అన్ని కాలేజీల్లో ఒకేసారి మొదలుపెట్టమని అడగడం లేదు. నగరంలో సోషియాలజీ బలంగా ఉన్న కొన్ని కాలేజీలను, యూనివర్సిటీ శాఖలను ఎంచుకుని, వచ్చే విద్యా సంవత్సరం అయిదో సెమిస్టర్‌లో మొదలుపెట్టండి. ఒప్పందం ముసాయిదా రాయడానికి ఒక చిన్న కమిటీ వేయండి. అందులో జైళ్ల శాఖ నుంచి ఒకరు, బాలల బోర్డులో పనిచేసిన సామాజిక కార్యకర్త ఒకరు, డిగ్రీ కాలేజీల అధ్యాపకులు, ఈ పని చేసి చూసిన విద్యార్థులు ఇద్దరు ఉండాలి. బోర్డ్ ఆఫ్ స్టడీస్ తర్వాతి సమావేశం ఎజెండాలో దీన్ని చేర్చండి. నా విద్యార్థులతో ఇన్నాళ్లుగా వాడుతూ వచ్చిన డైరీ నమూనా, ఫీల్డ్‌కు వెళ్లే ముందు చెప్పే పాఠాల ప్రణాళిక నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు తెచ్చి మీ ముందు పెడతాను.

ఇట్లు,
ఒక సోషియాలజీ అధ్యాపకురాలు,
హైదరాబాద్